సర్కారు బడికి ప్రింటర్ కొనాలంటే మన 'టాప్ 5' లిస్ట్ పనికిరాదు!

"ఏరా, ఫోన్లూ ప్రింటర్లూ అన్నీ చూసి రాస్తావు కదా, మన బడికి రెండు మంచి ప్రింటర్లు చెప్పు." 2023 జనవరిలో పండక్కి పాయకరావుపేట వెళ్లినప్పుడు నాకు పాఠాలు చెప్పిన మాస్టారు అడిగిన మాట ఇది. ఆయన అప్పటికి మండలంలోనే ఒక ప్రభుత్వ హైస్కూల్‌కి హెడ్మాస్టర్. రిటైర్మెంట్ దగ్గర పడింది.

ఇది మనకి నిమిషం పని కదా! ఫోన్ తీసి ఒక ఇంక్ ట్యాంక్ మోడల్ చూపించాను. ఒక్కోటి 17 వేల చిల్లర. "ఈ రోజు సేల్ ఉంది మాస్టారూ, నా కార్డు మీద కొనేస్తే క్యాష్‌బ్యాక్ కూడా వస్తుంది" అన్నాను.

"క్యాష్‌బ్యాక్ ఎవరికొస్తుంది?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

అసలు డబ్బు ఎంత?

సమగ్ర శిక్ష కింద బడులకి ఏటా కాంపోజిట్ స్కూల్ గ్రాంట్ వస్తుంది. 251 నుంచి 1000 మంది పిల్లలున్న బడికి ఆ లెక్క 75,000 రూపాయలు. అందులో కనీసం 10 శాతం పరిశుభ్రతకే పెట్టాలి. మిగిలిన దాంట్లోనే రిజిస్టర్లు, కరెంటు బిల్లు, చిన్న రిపేర్లు, పాడైన సామాన్ల స్థానంలో కొత్తవి. అంటే ప్రింటర్ విషయంలో తప్పు చేస్తే మళ్లీ కొనడానికి డబ్బుండదు.

నేను ఇచ్చిన చెత్త ఐడియా

రెండూ కలిపి 35 వేలు దాటుతున్నాయి. కేంద్రం 2017లో తెచ్చిన జనరల్ ఫైనాన్షియల్ రూల్స్ ప్రకారం అప్పటి పరిమితి ఇదీ: 25 వేల వరకు కొటేషన్ లేకుండా కొనొచ్చు (154వ రూల్). అది దాటితే 2.5 లక్షల వరకు ముగ్గురు సభ్యుల లోకల్ పర్చేజ్ కమిటీ మార్కెట్‌లో ధర, నాణ్యత చూసి సిఫార్సు చేయాలి (155వ రూల్). రాష్ట్రాలకీ, స్కీములకీ సొంత పరిమితులుంటాయి, అవి మారుతుంటాయి కూడా. పద్ధతి మాత్రం దాదాపు ఇదే.

"ఒకటి ఈ నెల పేటలో, ఇంకోటి వచ్చే నెల తాండవ అవతల తునిలో కొనండి, కమిటీ గొడవ ఉండదు" అన్నాను. మాస్టారు నవ్వలేదు. ఒకే అవసరాన్ని ముక్కలు చేసి పై అనుమతి తప్పించుకోకూడదని 157వ రూల్ చెబుతుందట. ఆ పాతిక వేల లోపు కొనుగోలుకి కూడా, సరుకు నాణ్యమైనదనీ, నమ్మకమైన వాళ్ల దగ్గర సరైన ధరకే కొన్నాననీ కొన్నవాళ్లు సంతకం చేయాలి. "రేపు ఆడిట్‌లో అభ్యంతరం వస్తే నా పెన్షన్ కాగితాల మీద పడుతుంది. నీ రివ్యూ తప్పయితే నీకేమవుతుంది?"

కామెంట్లలో నాలుగు తిట్లు పడతాయి. అంతే.

బ్రాండ్ కాదు, స్పెసిఫికేషన్ రాయాలి

అప్పుడు మాస్టారు నన్ను ఒక తెల్లకాగితం మీద రాయమన్నారు. బ్రాండ్ పేరు రాయకూడదు. అవసరానికి మించిన హంగులు కూడా అడగకూడదు, అది 144వ రూల్. నేను రాసింది: ఏ4 సైజు, రెండువైపులా ఆటోమేటిక్ ప్రింట్, ఇంక్ ట్యాంక్, ఒక బాటిల్‌కి వచ్చే పేజీలు, వారంటీ, దగ్గరలో సర్వీస్. కలర్ టచ్ స్క్రీన్ రాయబోతే కొట్టేశారు.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. కాగితం మీద రాసిన అర్హతలన్నీ ఉన్న వాటిలో ధర తక్కువున్నదే గెలుస్తుంది. రెండువైపులా ప్రింట్ అని రాయడం మర్చిపోతే, అది లేని ప్రింటరే బడికి వస్తుంది. తర్వాత ఎవర్నీ అనడానికి ఉండదు.

ట్యాబ్‌ల సంగతి ఇప్పుడు అర్థమైంది

2022 డిసెంబర్ 21న ఏపీలో 8వ తరగతి పిల్లలకీ, టీచర్లకీ 5 లక్షలకు పైగా శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 లైట్‌లు పంచడం మొదలైంది. 8.7 అంగుళాల స్క్రీన్, 3 జీబీ ర్యామ్. "ఈ రోజుల్లో హీలియో పీ22టీ ఏంటి?" అని మనం వెక్కిరించాం. ప్రాసెసర్ గురించి ఆ మాట ఇప్పటికీ అంటాను. కానీ మూడేళ్ల వారంటీ, కవర్, పిల్లలు ఏం చూడొచ్చో అదుపు చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఆ ప్యాకేజీలో భాగమని అప్పుడు నేను లెక్కే వేయలేదు. సర్కారు కొనుగోలుని మెచ్చుకోవాలన్నా తిట్టాలన్నా, ముందు టెండర్‌లో ఏం అడిగారో చదవాలి.

చివరికి ఏమైంది?

ముగ్గురు టీచర్ల కమిటీ పేటలో, తునిలో షాపులు తిరిగింది. నేను చెప్పిన మోడల్ ఓడిపోయింది! వేరే కంపెనీది ఒక్కోటి దాదాపు 900 తక్కువకి, అన్ని అర్హతలతో దొరికింది. బిల్లు బడి పేరు మీద, డబ్బు బడి ఖాతా నుంచి, స్టాక్ రిజిస్టర్‌లో సీరియల్ నంబర్లతో సహా ఎంట్రీ. మొత్తం మూడు వారాలు పట్టింది. ఆ సేల్ ఎప్పుడో అయిపోయింది.

మాస్టారు రిటైర్ అయ్యారు, కాగితాల్లో ఏ పేచీ రాలేదు. మీ ఊరి బడి కూడా మిమ్మల్ని అడిగితే లింక్ పంపకండి. కూర్చుని స్పెసిఫికేషన్ రాసిపెట్టండి. సంతకం పెట్టేది వాళ్లు.