ప్రోగ్రాముకూ ఒక కొలబద్ద

మా మానవపాడు నుంచి అలంపూరు పోయే దారిలో ఎన్నిచోట్ల "ఇటా, అటా?" అని ఆగాలో లెక్కపెట్టి, ఒకటి కలపండి. కంప్యూటరు ప్రోగ్రాములోని చిక్కును కొలిచే పద్ధతి దాదాపు ఇదే. 1976లో అమెరికన్ థామస్ మెకేబ్ దీన్ని ప్రతిపాదించాడు. ఫంక్షనులోని ‘ఇఫ్’లు, లూపులు లెక్కించి ఒకటి కలపాలి, పది దాటితే విడగొట్టాలి. ఆ పదిలో మంత్రమేమీ లేదని ఆయనే ఒప్పుకున్నాడు.

వరుసగా విడివిడి ‘ఇఫ్’లు పది ఉంటే అంకె 11 మాత్రమే. కానీ మొదటి నుంచి చివరిదాకా దారులు 1024! అన్నీ పరీక్షించే ఓపిక ఎవరికుంది? స్కాలర్‌షిప్పు అర్హత తేల్చే ప్రోగ్రామే అనుకోండి. ఆదాయం, హాజరు, హాస్టలు, మార్కులు... పరీక్షించని ఏదో ఒక దారిలో ఓ పేదపిల్ల పేరు జాబితాలోంచి జారిపోవచ్చు.

ఇప్పుడీ లెక్క చేత్తో కట్టనక్కర్లేదు. మా ఆఫీసులో ఎవరు కోడు పంపినా ముందు యంత్రమే చదువుతుంది, హద్దు దాటితే తిప్పికొడుతుంది. అప్పుడు ఆదాయం తనిఖీ ఒక ఫంక్షను, హాజరు మరొకటి చేస్తాం, దేనికది పరీక్షించుకోవచ్చు. ఆదాయ పరిమితి తప్పు వేస్తే మాత్రం యంత్రం పట్టదు, జీవో తెరిచి చూడాల్సింది మనమే.

అంకె తగ్గించడానికే కోడును ముక్కలు నరికే ఘనులూ ఉన్నారండోయ్! ముక్కకు అర్థమున్న పేరు పెట్టలేకపోతే ఆ కోత దండగేనని నా అభిప్రాయం.