కాపురం మీదే కన్నెందుకు?

అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో 1814లో యూనిస్ చాప్‌మన్ ఇంట్లో లేని సమయం చూసి, ఆమె భర్త జేమ్స్ ముగ్గురు పిల్లలనూ తీసుకుపోయి షేకర్లు అనే క్రైస్తవ శాఖ వారి సంఘంలో చేర్చాడు. అతను అప్పటికే అందులో సభ్యుడు. తాగుడు వల్ల వాళ్ల సంసారం ముందే బీటలు వారింది. ఆనాటి చట్టం ప్రకారం పిల్లల మీద హక్కంతా తండ్రిదే. యూనిస్ కరపత్రాలు అచ్చు వేయించింది, శాసనసభ్యుల చుట్టూ తిరిగింది. చివరికి 1818 మార్చిలో శాసనసభ ప్రత్యేక చట్టం చేసి ఆమెకు విడాకులిచ్చింది. పిల్లలను అప్పటికే న్యూహాంప్‌షైర్‌లోని ఎన్‌ఫీల్డ్‌కు తరలించేశారు. ఆమె అక్కడిదాకా వెళ్లి వాళ్లను తెచ్చుకుంది.

షేకర్లు హింసకు దూరం. అనాథలను చేరదీసేవాళ్లు. కానీ బ్రహ్మచర్యం వాళ్ల నియమం. దంపతులు చేరితే ఆ రోజు నుంచి అన్నాచెల్లెళ్లలా ఉండాలి. ఆడవాళ్లకు ఒక మెట్లదారి, మగవాళ్లకు మరొకటి కట్టిన వాళ్ల భవనాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇలాంటి సంఘాలకు కాపురంతో పేచీ ఏమిటి? 1780–1860 మధ్య అమెరికాలో వెలసిన సమష్టి జీవన సంఘాలను సామాజిక శాస్త్రవేత్త రోజాబెత్ మాస్ కాంటర్ పోల్చి చూసి, 1972లో పుస్తకం రాశారు. పాతికేళ్లకు పైగా నిలిచిన సంఘాల్లో ఆమెకు ఒక పోలిక కనిపించింది. అవి జంట బంధాన్ని దాని మానాన వదలలేదు. కొన్ని బ్రహ్మచర్యం విధించాయి. కొన్ని అందుకు పూర్తిగా ఎదురు దారి పట్టాయి.

1848లో జాన్ హంఫ్రీ నోయెస్ నెలకొల్పిన ఒనైడా సంఘానిది ఆ ఎదురు దారి. అక్కడ ప్రతి పురుషుడూ ప్రతి స్త్రీకీ భర్తే. ఇద్దరు ఒకరినొకరు ప్రత్యేకంగా ప్రేమించుకోవడం మాత్రం తప్పు. పిల్లలను కాస్త ఎదగగానే తల్లుల నుంచి వేరుచేసి పిల్లల భవనంలో పెంచేవారు. మాతృమమకారం ముదురుతోందని ఒకసారి ఆడపిల్లల బొమ్మలను కూడా పొయ్యిలో వేయించారు. షేకర్ల పద్ధతికీ దీనికీ పొంతన లేదు, కానీ ఫలితం ఒక్కటే. ఇద్దరి మధ్య ఉండే అనురాగమూ విధేయతా సంఘానికి మళ్లాయి. ఆలుమగలు కూడబలుక్కుంటే పెద్దలు చెప్పినదాన్ని కాదనే ధైర్యం వస్తుంది. నియంత్రణ కోరే సంఘానికి కాపురం పోటీ అయ్యేది అందుకే.

ఆ పోటీని తొలగించే పనిముట్లలో ఒకటి పాపాల ఒప్పుకోలు. షేకర్ల సంఘంలో చేరేవాళ్లు చేసిన తప్పులన్నీ పెద్దల ముందు చెప్పాలి. మామూలుగా భార్యాభర్తల మధ్యే ఉండే గుట్టు ఇప్పుడు మూడో మనిషి చేతిలో ఉంటుంది. ఇక ఇంట్లో ఏం మాట్లాడాలన్నా అది ఎవరి చెవిన పడుతుందోనన్న జంకు.

అన్నీ పోగొట్టుకున్నాకైనా కళ్లు తెరుచుకోవా? తరచూ అలా జరగదు. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ ఒక ప్రయోగం చేశారు. ఒక చర్చాబృందంలో చేరడానికి కొందరు విద్యార్థినులు సిగ్గుపడే మాటలను పైకి చదవాల్సి వచ్చింది. తీరా వినిపించిన చర్చ పరమ చప్పగా ఉంది. అయినా సులువుగా చేరినవాళ్ల కంటే, ఇబ్బందిపడి చేరినవాళ్లే అది బాగుందన్నారు. ‘ఇంత కష్టపడ్డది ఇందుకా’ అని ఒప్పుకోవడం మనసుకు భారం. చిన్న ఇబ్బందికే ఇలా ఉంటే, కాపురాన్నీ పిల్లలనూ వదులుకున్న మనిషికి ‘పొరబడ్డాను’ అనడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

దీనికి వెలి భయం తోడవుతుంది. కిప్లింగ్ విలియమ్స్ బృందం 2000లో ప్రచురించిన పరిశోధనలో, కంప్యూటర్ తెర మీద విసిరి పట్టుకునే ఆట ఆడుతున్నవారి వైపు మిగతా ఆటగాళ్లు విసరడం మానేశారు. మొహం కూడా చూడని పరాయివాళ్లు కొన్ని నిమిషాలు పక్కనపెట్టారనిపిస్తేనే వాళ్లు నొచ్చుకున్నారు. పనీ తిండీ స్నేహాలూ అన్నీ సంఘంలోనే ఉన్నవాడికి వెలి అంటే బతుకు తెరువే పోవడం.

అందుకే మనవాళ్లు అలాంటి చోట చిక్కుకున్నప్పుడు వెక్కిరింతలు, ‘మేమా వాళ్లా తేల్చుకో’ అనే హెచ్చరికలు బెడిసికొడతాయి. బయటివాళ్లు శత్రువులని సంఘం నూరిపోసిన మాటకు అవే రుజువులవుతాయి. వాదన కంటే రాకపోకలు మేలు. పండక్కి పిలవాలి, యోగక్షేమాలు అడగాలి, రేపు బయటికొస్తే తలదాచుకునే చోటు ఉందని తెలియనివ్వాలి. అయితే ఆస్తి, పిల్లల సంరక్షణ ప్రమాదంలో ఉంటే న్యాయసలహాకు ఆలస్యం చేయకూడదు.

భక్తి ఎంత గాఢమైనా అది నియంత్రణ కాదు. తేడా తెలియాలంటే అడగాల్సినవి మూడు. ఆ సంఘంలో భార్యాభర్తలు పెద్దలకు చెప్పకుండా ఒక మాట తమ మధ్యే ఉంచుకోగలరా? ఒకరు నమ్మకం మానుకున్నా ఇద్దరూ కలిసి ఉండవచ్చా? సంఘం వదిలినవారితో అన్నదమ్ములు మాట్లాడవచ్చా? మూడింటికీ జవాబు ‘కుదరదు’ అయితే, అక్కడ దేవుడి పేరెంత వినిపించినా పెత్తనం మనుషులదే.