వార్తల్లో పదం: యూనిట్ స్థాయి డేటా

దేశంలో పేదరికం తగ్గిందా లేదా అన్న చర్చ వచ్చినప్పుడల్లా ఆర్థికవేత్తలు ముందుగా అడిగేది దీన్నే. గృహ వినియోగ వ్యయ సర్వేలో ఒక్కో కుటుంబం చెప్పిన జవాబులను, పేర్లూ చిరునామాలూ తీసేసి, విడివిడిగా అందించే సమాచారమిది. 2022-23లో తలసరి నెల ఖర్చు గ్రామాల్లో సగటున రూ.3,773, పట్టణాల్లో రూ.6,459 అని ఆ సర్వే తేల్చింది. కానీ ఒక్కో అట్టడుగు కుటుంబం పాలకెంత, మందులకెంత పెడుతోందో తెలియాలంటే ఈ విడి రికార్డులే దిక్కు.

సర్వే సిబ్బంది ఇంటికొచ్చి కూరగాయలు, గుడ్లు, నూనెలకు గత 7 రోజుల్లో ఎంతైందని అడుగుతారు. బియ్యం, పప్పులకైతే 30 రోజుల లెక్క. బట్టలు, చదువులకు 365 రోజులది. ఈ గడువు మార్చితే ఫలితమూ మారుతుంది. అందుకే వేరే గడువులు వాడిన పాత సర్వేలతో నేరుగా పోల్చకూడదు.

2017-18 సర్వే ఫలితాలను నాణ్యత లోపించిందంటూ 2019లో కేంద్రం పక్కన పెట్టేసింది. దాంతో 2011-12 తర్వాత చాలా ఏళ్లు పేదరికంపై అంచనాలతోనే సరిపెట్టుకోవాల్సి వచ్చింది. లోపాలుంటే పరిశోధకులే పట్టుకునేవారు, ఆ రికార్డులను వాళ్ల ముందు పెట్టాల్సింది. 2022-23, 2023-24 సర్వేల రికార్డులు మాత్రం కేంద్ర గణాంక శాఖ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి.