నలుగురు గెలిచినా నిలవని ఐక్యత

ఐక్యత అంటే వేదికెక్కి చేతులు కలపడమేనా? మహారాష్ట్ర రిపబ్లికన్ పార్టీ అనుభవాన్ని మనం ఈ ప్రశ్నతోనే చూడాలి.

అంబేద్కర్ తలపెట్టిన ఈ పార్టీ ఆయన పోయాక, 1957 అక్టోబరు 3న పుట్టింది. కొద్దికాలానికే ముక్కలైంది. ఆ ముక్కలు కలిసి, కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంటే ఏమైందో 1998 లోక్‌సభ ఎన్నికలు చూపించాయి. ప్రకాశ్ అంబేద్కర్, ఆర్.ఎస్. గవాయి, జోగేంద్ర కవాడే, రాందాస్ అఠావలే గెలిచారు. నలుగురూ జనరల్ స్థానాల నుంచే! రిజర్వుడు సీటుకే దళితుడు పరిమితమనే మాట అక్కడ తేలిపోయింది.

కానీ 1999 నాటికి మళ్లీ ఎవరి దారి వారిదే. గెలిచింది ఇద్దరే, అదీ వేర్వేరు పార్టీల పేరుతో.

దీన్ని నాయకుల అహం అని సరిపెట్టుకుంటే చాలదు. సభలో మాట్లాడే సమయం పార్టీల బలాన్ని బట్టే దొరుకుతుంది. నలుగురు ఒక్క గొంతైతే వినక తప్పదు, విడిపోతే ఒక్కొక్కరికీ మిగిలేవి నిమిషాలే. బయట కూడా అంతే: చీలిన ప్రతి ముక్కా సీటు కోసం పెద్దపార్టీ గడప తొక్కాల్సిందే. అప్పుడు బేరం వాళ్లది, ఓటు మనది.

పొత్తులు, టికెట్లు నలుగురు నాయకుల గదిలో కాక కార్యకర్తల సభల్లో తేలినప్పుడే ఐక్యత ఎన్నికల తర్వాత కూడా బతుకుతుంది. ఆ పని మనదే.