తెరచాప పట్టిన ఆడవాళ్లు

మోపిదేవికి సముద్రం ఎంతో దూరం లేదు. హంసలదీవి దగ్గర కృష్ణమ్మ సముద్రంలో కలుస్తుంది. సముద్రం పేరెత్తితే దివిసీమలో పెద్దవాళ్లకు 1977 నవంబరు 19 గుర్తుకొస్తుంది. ఆ రోజు ఉప్పెన వచ్చింది. ఊళ్లకు ఊళ్లు కొట్టుకుపోయాయి. వేల మంది చనిపోయారు. సముద్రమంటే మనవాళ్లకు భయం ఉండటంలో తప్పులేదు.

సముద్రం మీద వేటకు మగవాళ్లు వెళతారు. తెచ్చిన చేపలు ఆడవాళ్లు అమ్ముతారు. "ఆడది పడవ నడపడమేమిటి?" అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. కానీ ఆడవాళ్లు పడవ మీద భూమి చుట్టూ తిరిగి వచ్చారు. వాళ్లలో మన తెలుగు ఆడపిల్లలూ ఉన్నారు. వాళ్ల సంగతి తెలుసుకుందాం.

ఆరుగురు

పి. స్వాతిది విశాఖపట్నం. చిన్నప్పుడే అక్కడ చిన్న తెరచాప పడవ నడపడం నేర్చుకుంది. బి. ఐశ్వర్యది హైదరాబాదు. ఇద్దరూ భారత నౌకాదళంలో అధికారులయ్యారు. నౌకాదళం అంటే సముద్రం మీద దేశాన్ని కాపాడే సైన్యం.

వీళ్లు మరో నలుగురితో కలిసి 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి బయలుదేరారు. అందరూ ఆడవాళ్లే. నాయకురాలి పేరు వర్తికా జోషి. పడవ పేరు తారిణి. దాని పొడవు 55 అడుగులు. గాలే దాన్ని నడపాలి.

గాలి వెనక నుంచి వస్తే తెరచాప పడవ సులువుగా పోతుంది. మరి ఎదురుగాలి వీస్తే? పడవ నేరుగా పోలేదు. అప్పుడు కొంతదూరం ఒక పక్కకు ఏటవాలుగా నడపాలి. తరువాత తెరచాప తిప్పి రెండో పక్కకు నడపాలి. అలా వంకరటింకరగా ముందుకు పోవాలి. పడవ అడుగున బరువైన రెక్క ఒకటి ఉంటుంది. పడవ ఒరిగినా బోల్తా పడకుండా అది కాపాడుతుంది.

ఈ పని ఒక్కరోజులో రాలేదు. దిలీప్ దోందే అనే నావికుడు వాళ్లకు నేర్పాడు. మన దేశం నుంచి ఒంటరిగా భూమిని చుట్టివచ్చిన మొదటి మనిషి ఆయనే. ముందు దగ్గర దూరాలు తిరిగారు. 2016లో మారిషస్ దీవికి వెళ్లి వచ్చారు. ఆ తరువాత ఆఫ్రికాలోని కేప్‌టౌన్‌కు వెళ్లారు. ధైర్యం చిక్కాకే భూమిని చుట్టడానికి బయలుదేరారు.

ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దాటి పసిఫిక్ మహాసముద్రంలోకి వెళ్లారు. భూమికి దక్షిణాన ఆ వైపు గాలిని ఆపే నేల దాదాపు లేదు. అందుకే అక్కడ గాలులు చాలా జోరు. చలి కూడా ఎక్కువే. ఒకసారి పెద్ద తుపాను వచ్చింది. రెండంతస్తుల మేడ అంత ఎత్తున అలలు లేచాయి. చుట్టుపక్కల సాయం చేసేవాళ్లు లేరు. వంతులు వేసుకుని రాత్రీపగలూ చుక్కాని పట్టారు. వంట వాళ్లే చేసుకున్నారు. విరిగింది వాళ్లే బాగుచేసుకున్నారు.

తిరిగి వచ్చేటప్పుడు చుక్కాని తిప్పే సామాను పాడైంది. మారిషస్‌లో ఆగి బాగుచేయించుకున్నారు. 2018 మే 21న గోవా చేరారు. మొత్తం 254 రోజులు. దాదాపు 40,000 కిలోమీటర్లు. బందరు నుంచి హైదరాబాదుకు అరవైసార్లు పోయి వచ్చినంత దూరం!

ఇద్దరు

2024 అక్టోబరు 2న అదే తారిణి మళ్లీ బయలుదేరింది. ఈసారి పడవలో ఇద్దరే ఉన్నారు. వాళ్లు దిల్నా, రూప. ఆరుగురి పని ఇద్దరు చేశారు. 2025 మే 29న క్షేమంగా గోవా చేరారు.

ఒక్కరు

ఒంటరిగా భూమిని చుట్టే పడవ పందెం కూడా ఉంది. 2022లో ఫ్రాన్సు నుంచి 16 మంది బయలుదేరారు. ఎక్కడా ఆగకూడదు. ఈ కాలపు యంత్రాలతో దారి చూసుకోకూడదు. సూర్యుణ్ణి, చుక్కల్ని చూసి దారి తెలుసుకోవాలి. నిద్రపోయేటప్పుడు ఎలా? గాలికి తిరిగే రెక్క ఒకటి చుక్కానిని సరిచేస్తూ ఉంటుంది. అయినా గంటల తరబడి నిద్రపోవడం కుదరదు.

ఆ పందెంలో ఒకే ఒక ఆడమనిషి ఉంది. ఆమె పేరు కిర్‌స్టెన్. దక్షిణాఫ్రికా దేశస్థురాలు. దారిలో తోటి పోటీదారు ఒకరి పడవ మునిగిపోయింది. అతను రబ్బరు తెప్ప మీద ఉన్నాడని ఆమెకు కబురు వచ్చింది. పందెం సంగతి పక్కన పెట్టి రాత్రంతా పడవ నడిపింది. అతన్ని కాపాడి సరుకుల ఓడ ఎక్కించింది. మళ్లీ తన దారి పట్టింది. 235 రోజుల తరువాత, 2023 ఏప్రిల్ 27న అందరికంటే ముందు చేరింది. ఒంటరిగా భూమిని చుట్టే పందెం గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే.

రెండో స్థానం మన దేశానికి చెందిన అభిలాష్ టోమీది. 2018లో ఇదే పందెంలో తుపానుకు అతని వెన్నెముక విరిగింది. కోలుకుని మళ్లీ పోటీకి వెళ్లాడు.

ఉప్పెన మిగిల్చిన భయం అబద్ధం కాదు. సముద్రమంటే వీళ్లకూ భయం ఉంటుంది. కానీ గాలి తీరు తెలుసుకున్నారు. పడవ సంగతి నేర్చుకున్నారు. తెలియని దానికన్నా తెలిసిన దాని భయం తక్కువ. గాలికి ఆడా మగా తేడా తెలియదు. పని తెలిసిన చేతికి చుక్కాని లొంగుతుంది.

మాట్లాడుకుందాం

1. ఎదురుగాలి వీస్తే తెరచాప పడవను ఎలా నడుపుతారు?
2. కిర్‌స్టెన్ పందెం మధ్యలో దారి ఎందుకు మళ్లింది?
3. "ఇది ఆడవాళ్ల పని కాదు" అని మన ఊళ్లో వేటిని అంటారు? అవి నిజంగా చేతకానివా, నేర్పనివా?