దైవం వద్ద దినం, మానవుని లెక్క

లక్డీకాపూల్ కార్యాలయాలలో గడియారం పన్నెండు కొట్టే వేళకు, సంవత్సరంలో చాలా రోజులు, సూర్యుడు ఇంకా నడినెత్తికి రాడు. భారత ప్రామాణిక కాలం 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నిర్ణయింపబడింది. హైదరాబాద్ దానికి పడమరగా సుమారు 4 డిగ్రీల దూరాన ఉంది. అందుచేత ఇక్కడ మిట్టమధ్యాహ్నం సగటున 16 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. జుహర్ నమాజు వేళ సూర్యుడు వాలడాన్ని బట్టే గాని గడియారపు ముల్లును బట్టి రాదు. ఈ విధంగా ఒకే మనిషి ప్రతిదినం రెండు కాలాలను పాటిస్తున్నాడు. అయితే ఆ రెండూ మానవుని లెక్కలే. మరి దైవం వద్ద కాలం ఎలాంటిది?

దివ్య ఖుర్ఆన్‌లోని హజ్ సూరా (22:47) ప్రభువు వద్ద ఒక దినాన్ని మానవులు లెక్కించే వెయ్యి సంవత్సరాలతో పోల్చింది. సజ్దా సూరా (32:5) కూడా వెయ్యేళ్ల దినాన్ని పేర్కొన్నది. మఆరిజ్ సూరా (70:4) యాభై వేల సంవత్సరాల దినాన్ని ప్రస్తావించింది. పైపైన చదివేవారికి ఇది వైరుధ్యంగా తోచవచ్చు. ఈ రెండు దినాలను గురించి అడిగినప్పుడు హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి), అవి అల్లాహ్ తన గ్రంథంలో పేర్కొన్న దినాలనీ, వాటి సంగతి ఆయనకే బాగా తెలుసుననీ చెప్పి ఊరుకున్నారని ఒక ఉల్లేఖనం.

హజ్ సూరాలోని అరబీ వాక్యంలో ‘క’ అనే ఒక్క అక్షరం ఉంది. దాని అర్థం ‘వంటిది’. అనువాదంలో ఈ మాట జారిపోతే, పోలిక కాస్తా కొలబద్ద అయి కూర్చుంటుంది. అప్పుడు దైవ దినాలను మానవ సంవత్సరాలలోకి మార్చి, ప్రళయానికి తేదీ కట్టాలనే ఆశ పుడుతుంది.

చరిత్రలో అటువంటి ఆశ పుట్టనే పుట్టింది. హిజ్రీ వెయ్యేళ్లు నిండకముందే లోకం ముగుస్తుందన్న ప్రచారాన్ని ఖండిస్తూ ఈజిప్టు పండితుడు ఇమామ్ సుయూతీ (మరణం 1505) ఒక గ్రంథమే వ్రాయవలసి వచ్చింది. తీరా హిజ్రీ 1000, అనగా క్రీ.శ. 1591-92 వచ్చింది. లోకం ముగియలేదు. పైగా ఆ కాలంలోనే మూసీ ఒడ్డున చార్మినార్ లేచింది, హైదరాబాద్ నగరం మొదలైంది.

అయితే ఆ ఆయత్ ఎందుకు అవతరించినట్లు? శిక్షను త్వరగా తెమ్మని అవిశ్వాసులు సవాలు చేసిన సందర్భంలో అది వచ్చింది. అల్లాహ్ తన వాగ్దానాన్ని తప్పడని అక్కడే ఉంది. దుర్మార్గపు జనపదాలెన్నింటికో ముందు గడువు ఇవ్వబడిందని తరువాతి ఆయత్ తెలుపుతుంది. కనుక ఆలస్యం మరపు కాదు, అశక్తత కాదు, అది గడువు.

ఈ మాటను అపార్థం చేసుకొనేవారూ ఉన్నారు. నిలోఫర్ ఆస్పత్రి వరండాలో జబ్బు బిడ్డ కోసం తెల్లవార్లూ దుఆ చేసే తల్లికి ఒక్క రాత్రే యుగమవుతుంది. వెయ్యేళ్లే ఒక దినమైనప్పుడు నీ రాత్రి ఎంతని ఆమెతో అనడం ఆయత్‌కు అర్థం కాదు. పిలిచేవాని పిలుపుకు తాను సమీపంలోనే ఉన్నానని అల్లాహ్ తెలిపాడు (2:186). అడిగాను, ఆలకింపబడలేదు అని తొందరపడి విసిగిపోనంత వరకు దాసుని దుఆ స్వీకరింపబడుతుందని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. ఆ తల్లి కన్నీటికి ఆయన వద్ద లెక్క ఉంది. కాని జవాబు ఏ రూపంలో, ఏ గడియలో వస్తుందన్నది ఆమె చేతిలో లేదు.

మానవుని చేతిలో ఉన్నదేమిటో అస్ర్ సూరా చెబుతుంది. అది కాలంపై ప్రమాణం చేసి, మానవుడు నష్టంలో ఉన్నాడని హెచ్చరిస్తుంది. ఆ నష్టం నుండి బయటపడే మార్గం విశ్వాసం, సత్కార్యం, సత్యబోధ, సహనబోధ. వీటిలో సంవత్సరాలు లెక్కకట్టడం లేదు, సహనం ఉంది. ప్రళయ గడియ జ్ఞానం అల్లాహ్‌దే. సూర్యుడు వాలగానే లేచి నమాజుకు నిలబడటం మాత్రం విశ్వాసి పని.