పరిశోధనాలయమునకును విశ్వవిద్యాలయమునకును నడుమ గోడ

గ్రంథపఠనము మాత్రముచేతనే శాస్త్రవేత్తలు తయారుకారు. పని చేయుచున్న గురువు చెంత, పని జరుగుచున్న ప్రయోగశాలలో, శిష్యుడును చేయి కలిపిననాడే విద్య పట్టుబడును. మన దేశమున ఇందుకు దృష్టాంతము లేకపోలేదు.

1876లో డాక్టరు మహేంద్రలాల్ సర్కారుగారు ప్రజల విరాళములతో కలకత్తాలో విజ్ఞానాభివృద్ధి సంఘమును స్థాపించిరి. 1917లో రామన్‌గారు కలకత్తా విశ్వవిద్యాలయమున ఆచార్యపదవిని స్వీకరించియు సంఘపు ప్రయోగశాలను విడువరైరి. విద్యార్థులకు ఆ ద్వారము తెరువబడెను. 1928 ఫిబ్రవరి 28వ తేదీన వెల్లడియై, 1930లో నోబెల్ బహుమానమును తెచ్చిన రామన్ ఫలితము ఆ కలయికనుండి పుట్టినదే. కృష్ణా మండలమున జన్మించి, నైజాం కళాశాలలో చదివిన సూరి భగవంతంగారు 1928లోనే అచ్చటికేగి రామన్‌గారి శిష్యులైరి. పిదప ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, 1957లో బెంగుళూరు విజ్ఞానసంస్థకు డైరెక్టరైరి.

స్వాతంత్ర్యానంతరము జాతీయ పరిశోధనాలయములు వరుసగా వెలసినవి. ధనమును, యంత్రసామగ్రియు, సమర్థులును అచ్చటికి చేరిరి. విశ్వవిద్యాలయములకు విద్యార్థులును, పరీక్షలును మిగిలినవి. పరిశోధనను విద్యాలయములనుండి వేరుచేయుట తగదని మేఘనాథ సాహాగారు ఆనాడే హెచ్చరించిరి. వారి అణుభౌతిక సంస్థ 1950లో కలకత్తా విశ్వవిద్యాలయపు అండనే ప్రారంభమైనది. భాభాగారి మార్గము వేరు. 1957లో ట్రాంబేలో వారు నెలకొల్పిన శిక్షణాలయము పట్టభద్రులను, ఇంజనీర్లను ఎన్నుకొని, భృతినిచ్చి, ఒక యేడు శాస్త్రవేత్తలచేతనే పాఠములు చెప్పించి, పనిలో ప్రవేశపెట్టుచు వచ్చినది. అణుశక్తిశాఖకు నిపుణులు అట్లు సమకూడిరి. అయితే శాఖావసరమే దాని లక్ష్యము. విశ్వవిద్యాలయములను బాగుచేయుట దాని పని కాదు.

శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలికి 2012లో చట్టముచే సొంత అకాడమీ యేర్పడి, డాక్టరు పట్టములనిచ్చు అధికారము లభించినది. పరిశోధక విద్యార్థులకిది మేలే. కాని పూర్వము పట్టముకొరకైనను విశ్వవిద్యాలయముతో నిలిచియుండిన సంబంధము దీనిచే సడలినది. పరిశోధనాలయము తానే విద్యాలయమైనచో, జిల్లా కళాశాలలో చదువు రైతుబిడ్డకు గురువెవ్వరు?

హైదరాబాదునే చూడుడు. 1944లో సంస్థాన ప్రభుత్వము స్థాపించిన పరిశోధనాలయము 1956లో మండలి క్రిందికి వచ్చి, 1989లో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ యైనది. 1961లో భూభౌతిక పరిశోధనాలయమును, 1977లో కణజీవశాస్త్ర కేంద్రమును వెలసినవి. ఈ మూడును ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరువనే యున్నవి. దూరము కొలది మైళ్లే. ఆ కొలది మైళ్లను దాటగల విద్యార్థులెందరు?

మేము కోరునవి మూడు. పరిశోధనాలయపు శాస్త్రవేత్త యేటేట కొంతకాలము విశ్వవిద్యాలయమున బోధింపవలెను. ఆ బోధన ఆతని ఉద్యోగోన్నతికి లెక్కకు రావలెను. జిల్లాల సైన్సు, ఇంజనీరింగు విద్యార్థులు చివరి సంవత్సరమున కొన్ని నెలలు పరిశోధనాలయములో పనిచేయుటకు నియతమైన స్థానములుండవలెను. విశ్వవిద్యాలయములలో ఖాళీపడిన ఆచార్యపదవులను ప్రభుత్వములు నింపవలెను. గురువే లేనిచోట సహకారమెవ్వరితో?

నాలుగవదానిని ప్రభుత్వమునుండి కాక, మా పాఠకులనుండియే కోరుచున్నాము. మన పూర్వులు బాటసారులకు సత్రములు, విద్యార్థులకు వసతిగృహములు కట్టించిరి. కలకత్తా సంఘమును నిలిపినదియు ప్రజల విరాళములే. పల్లెనుండి హైదరాబాదు పరిశోధనాలయమునకు పోవు విద్యార్థికి మొదటి ఆటంకము తెలివి లేకపోవుట కాదు, బస లేకపోవుట. జిల్లాకొక పదిమందికైనను ఆరుమాసముల బస, భోజనము ఏర్పరుపగల భూస్వాములు, వర్తకులు మనలో కొరవడలేదు. గోడను తొలగించుట ప్రభుత్వముల వంతు. ద్వారమువరకు బిడ్డను చేర్చుట మన వంతు.